తెగిపోయిన ముక్క, మూగబోయిన కాలేయం

బెంగళూరులోని పిల్లల ఆసుపత్రుల్లో జన్యు వైద్య విభాగం బయట బెంచీల మీద తెలుగు వినబడని రోజు ఉండదు. హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపు నుంచి రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి దిగినవారు కొందరు, కోలారు పల్లెల నుంచి వచ్చినవారు కొందరు, నగరంలోనే రెండు మూడు తరాలుగా స్థిరపడినవారు మరికొందరు. బిడ్డ రక్తపరీక్ష రిపోర్టులో ‘ఫలానా ఎంజైమ్ పనిచేయడం లేదు’ అని చూడగానే ఇంటి పెద్దలు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: “అంటే ఆ జన్యువు లేదన్నమాటేనా?”

ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. ఎంజైమ్‌ను తయారుచేసేది జన్యువే కాబట్టి, ఎంజైమ్ కనబడకపోతే జన్యువు పోయిందనుకోవడం సహజం. కానీ అది ఎప్పుడూ నిజం కాదు. జన్యువు చెక్కుచెదరకుండా తన చోట తాను ఉండి కూడా మూగబోవచ్చు. అలా మూగబోవడానికి కారణం దానితో ఏ సంబంధమూ లేనట్టు కనిపించే మరో క్రోమోజోమ్ మీద ఉండవచ్చు. ఈ సంగతి చిట్టెలుకల కాలేయంలో బయటపడి, అసలు కారణం తేలడానికి 1968 నుంచి 1993 దాకా పాతికేళ్లు పట్టింది.

అప్పుడే పుట్టిన చిట్టెలుక పిల్ల బరువు గ్రాము, గ్రామున్నర. ఒంటి మీద వెంట్రుక ఉండదు. చర్మం ఎంత పల్చన అంటే, తాగిన పాలు పొట్టలో తెల్లని మచ్చలా బయటికి కనిపిస్తాయి. కళ్లు ఇంకా తెరుచుకోవు గాని, మూసిన రెప్పల కింద రెండు నల్లని చుక్కలు తెలుస్తుంటాయి. ఒక ప్రత్యేక వంశంలో మాత్రం ఒక్కో కాన్పులో కొన్ని పిల్లలకు ఆ నల్లని చుక్కలు ఉండవు. సగటున నాలుగింట ఒకటి అలా పుడుతుంది. పుట్టినప్పుడు మిగతా వాటిలాగే కదులుతుంది. కొన్ని గంటల్లో దాని రక్తంలో చక్కెర పడిపోయి చనిపోతుంది. ఏ పిల్ల బతుకుతుందో, ఏది బతకదో రక్తపరీక్ష అక్కర్లేకుండా కంటి రంగు చూసే చెప్పేయవచ్చు.

అయితే రంగు లేకపోవడం చావుకు కారణం కాదు. ప్రయోగశాలల్లో పెంచే మామూలు తెల్ల చిట్టెలుకలకూ కంటిలో రంగు ఉండదు. అవి హాయిగా బతికి పిల్లలను కంటాయి. రంగును తయారుచేసే టైరోసినేజ్ అనే ఎంజైమ్ జన్యువు చిట్టెలుకలో ఏడో క్రోమోజోమ్ మీద ఉంటుంది. తెల్ల చిట్టెలుకల్లో ఆ ఒక్క జన్యువు చెడిపోయి ఉంటుంది. చనిపోయే పిల్లల్లో అలా కాదు. ఆ జన్యువుతోపాటు దాని చుట్టుపక్కల ఉన్న క్రోమోజోమ్ ముక్కే ఎగిరిపోయింది. రంగు పోవడం ఆ లోటు మీద అంటించిన చీటీ లాంటిది.

ఆ ముక్కలు ఎలా పోయాయో తెలియాలంటే రెండో ప్రపంచ యుద్ధం తరవాతి రోజుల్లోకి వెళ్లాలి. అణుబాంబు పడ్డాక, రేడియేషన్ వంశపారంపర్యాన్ని ఎంతగా దెబ్బతీస్తుందో లెక్కగట్టవలసిన అవసరం ప్రభుత్వాలకు వచ్చింది. అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో విలియం రసెల్, లియాన్ రసెల్ దంపతులు, ఇంగ్లండులోని హార్వెల్‌లో మరికొందరు లక్షల చిట్టెలుకలతో ఈ పని చేశారు. ఆరోగ్యమైన చిట్టెలుకకు రేడియేషన్ ఇచ్చి, ఏడు బయటి లక్షణాలకు సంబంధించిన బలహీన జన్యువులున్న చిట్టెలుకతో జత కట్టించేవారు. పిల్లల్లో ఆ ఏడింటిలో ఏదైనా బయటపడితే, అక్కడ రేడియేషన్ దెబ్బ తగిలిందన్నమాట. ఆ ఏడు స్థానాల్లో తెల్ల రంగు స్థానం ఒకటి.

రేడియేషన్ చేసే మార్పు డీఎన్ఏలో ఒక అక్షరం తారుమారైనట్టు మాత్రమే ఉండదు. పాత తాటాకు గ్రంథంలో చెద పట్టిందనుకుందాం. చెదపురుగుకు ఏ పద్యమూ లెక్కలోకి రాదు. తన దారిలో ఉన్న ఆకులన్నిటినీ తింటూ పోతుంది. ఎక్స్ కిరణాలు క్రోమోజోమ్‌ను తెంచినప్పుడూ అంతే. లక్షల అక్షరాల పొడవున్న ముక్క ఒకేసారి మాయమవుతుంది. అందులో రంగు జన్యువు ఉంటే అది మన కంటికి కనబడుతుంది, దానితోపాటు పోయిన మిగతావి కనబడవు. అలా తయారైన వంశాల్లో కొన్ని పుట్టిన వెంటనే చనిపోయేవి, మరికొన్ని గర్భంలో అతి తొలి దశలోనే నశించేవి. 14 సీఓఎస్ అని పేరుపడిన వంశం మొదటి రకానికి చెందినది. కాలేయ పరిశోధనలో తరవాత ఎక్కువగా వినబడిన పేరు అదే.

ఈ చిట్టెలుకలను తన జీవితపు పనిగా చేసుకున్న శాస్త్రవేత్త సలోమె గ్లూక్సోన్ వేల్ష్. 1907లో డాంజిగ్‌లో పుట్టి, జర్మనీలో హాన్స్ ష్పేమన్ దగ్గర పిండశాస్త్రం చదివి, నాజీలు అధికారంలోకి రావడంతో 1933లో దేశం విడిచి అమెరికా చేరారు. జన్యువుకూ పిండం ఎదుగుదలకూ లంకె వెతకడమే ఆమె జీవితాంతం చేసిన పని. ఆ లంకె తెగిన చోట ఏమవుతుందో ఈ చిట్టెలుకలు చూపించాయి. 1968లో ఆమె, రాబర్ట్ ఎరిక్సన్, కార్ల్ కోరి కలిసి ఒక విషయం ప్రకటించారు. కాలేయం రక్తంలోకి చక్కెర వదలడానికి కావలసిన గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ చనిపోయే పిల్లల కాలేయంలో దాదాపు లేదు.

ఈ బృందంలో కోరి ఉండడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. శరీరం చక్కెరను దాచుకునే రూపమైన గ్లైకోజెన్ ఎలా గ్లూకోజ్‌గా మారుతుందో కనిపెట్టినందుకు 1947లో నోబెల్ బహుమతి పొందిన దంపతుల్లో ఆయన ఒకరు. ఇదే ఎంజైమ్ లోపంతో మనుషుల్లో ఒక గ్లైకోజెన్ జబ్బు వస్తుందని ఆయన భార్య గెర్టీ కోరి 1952లో తేల్చారు. కాబట్టి ఏడో క్రోమోజోమ్ ముక్కలోనే ఆ ఎంజైమ్ జన్యువు ఉండి ఉంటుందన్న ఊహ చాలా సబబుగా తోచింది. పెద్దల ప్రశ్న కూడా అదే కదా: ఎంజైమ్ లేదు కాబట్టి జన్యువు లేదు.

తరవాతి పరీక్షల్లో ఈ ఊహకు చిక్కు వచ్చింది. పడిపోయింది ఒక్క ఎంజైమే కాదు. అమైనో ఆమ్లం టైరోసిన్‌ను విడగొట్టడంలో మొదటి మెట్టైన టైరోసిన్ అమైనోట్రాన్స్‌ఫరేజ్ పడిపోయింది. సెరీన్ డీహైడ్రటేజ్ పడిపోయింది. చక్కెర కాని పదార్థాల నుంచి చక్కెరను తయారుచేసే దారిలో కీలకమైన పెప్‌సీకే అనే ఎంజైమ్ కూడా పడిపోయింది. మామూలు పిల్లల్లో వీటన్నిటికీ ఒక ఉమ్మడి లక్షణం ఉంది. తల్లి గర్భంలో ఉన్నంతకాలం గ్లూకోజ్ బొడ్డుతాడు గుండా అందుతూనే ఉంటుంది. బొడ్డు తెగిన క్షణం నుంచి పిల్ల తన చక్కెర తానే చూసుకోవాలి. గ్లూకగాన్, కార్టిసోల్ జాతి హార్మోన్లు కాలేయానికి కబురు పంపుతాయి. గంటల వ్యవధిలో ఈ ఎంజైమ్‌ల జన్యువులన్నీ గొంతెత్తుతాయి. కాలేయానికి అది మొదటి ఉద్యోగదినం. ముక్క తెగిన పిల్లల్లో హార్మోన్లు పిలుస్తూనే ఉంటాయి, జన్యువులు మాత్రం పలకవు.

ఇన్ని జన్యువులూ ఆ ఒక్క ముక్కలోనే పక్కపక్కన ఉండి ఒకేసారి పోయాయా? లేదు. జన్యువులను విడిగా పట్టుకుని చదవడం సాధ్యమయ్యాక తేలిన లెక్క ఇది: టైరోసిన్ అమైనోట్రాన్స్‌ఫరేజ్ జన్యువు చిట్టెలుకలో ఎనిమిదో క్రోమోజోమ్ మీద ఉంది, గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ పదకొండో దాని మీద, పెప్‌సీకే రెండో దాని మీద. ఏడో క్రోమోజోమ్‌లో తెగిన ముక్కకూ వీటికీ చుట్టరికమే లేదు. అన్నీ తమ తమ చోట్ల క్షేమంగా ఉన్నాయి.

దీనికి ఇంకా ముందే ఒక అందమైన ప్రయోగం జరిగింది. ముక్క తెగిన చిట్టెలుక కాలేయ కణాలను వేరే జాతి అయిన పెద్ద ఎలుక కాలేయ కణితి కణాలతో కలిపి జంట కణాలుగా మార్చారు. ఆ జంట కణంలో చిట్టెలుక తాలూకు ఎంజైమ్ మళ్లీ తయారైంది. చిట్టెలుక జన్యువు చచ్చిపోయి ఉంటే అది జరిగేది కాదు. ఎలుక కణం అందించిన ఏదో వస్తువుతో మూగబోయిన జన్యువు మళ్లీ పలికింది. అంటే తెగిన ముక్కలో పోయింది అలాంటి ‘ఏదో’ అన్నమాట.

ఆ ‘ఏదో’ ఏమిటన్న చోట ఈ రంగం ఒక ఆకర్షణలో పడింది. 1970ల నుంచి 1980ల చివరి దాకా జీవశాస్త్రంలో అందరి దృష్టీ జన్యు నియంత్రణ మీద ఉంది. ఒక ప్రోటీన్ వెళ్లి మరో జన్యువు దగ్గర కూర్చుని దాన్ని మోగించడం, ఆపడం వంటివన్నీ అప్పుడే వెలుగులోకి వస్తున్నాయి. అలాంటి కాలంలో ఇన్ని కాలేయ జన్యువులు ఒకేసారి కుంగిపోతే, వాటన్నిటికీ పైన ఒక అధికారి జన్యువు ఉందనీ, ఆ ముక్కలో పోయింది అదేననీ అనుకోవడం కంటే సహజమైన ఆలోచన ఏముంటుంది? ఊరి కరణం లేకపోతే పన్నుల లెక్క ఆగినట్టు, ఆ జన్యువు లేకపోతే కాలేయపు పని ఆగిందని భావించారు. కనబడని ఆ అధికారికి ‘ఏఎల్ఎఫ్’ అని ఒక పేరు, ‘హెచ్ఎస్‌డీఆర్-1’ అని మరో పేరు కూడా పెట్టారు.

ఆధారాలు కూడా ఆ వైపే మొగ్గాయి. జన్యువు నుంచి ఆర్‌ఎన్ఏ అనే నకలు రాసే దశలోనే లోపం ఉందని తేలింది. హెచ్ఎన్ఎఫ్-1, హెచ్ఎన్ఎఫ్-4, సీ/ఈబీపీ ఆల్ఫా వంటి కాలేయపు సొంత నియంత్రకాల మట్టాలు కూడా ఈ పిల్లల్లో తగ్గాయని 1990ల మొదట్లో గమనించారు. కాలేయాన్ని కాలేయంగా నిలబెట్టే ప్రోటీన్లు ఇవి. ఇవే తగ్గాయంటే వీటికీ పైన ఒకటి ఉండాలి కదా అన్న వాదం మరింత బలపడింది.

ఒక ఆధారాన్ని మాత్రం ఎవరూ చాలినంత సేపు చూడలేదు. 1973లోనే గ్లూక్సోన్ వేల్ష్ ప్రయోగశాల ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఈ పిల్లల కాలేయ కణాల్ని, మూత్రపిండ కణాల్ని చూపించింది. ప్రోటీన్లు తయారయ్యే లోపలి పొరలు వాచి, ఉబ్బి, చెదిరి ఉన్నాయి. నియంత్రకం ఒక్కటి లేకపోతే కణం నిశ్శబ్దంగా ఉంటుంది, నిజమే. కానీ పొరలు వాచడానికి కేవలం నిశ్శబ్దం చాలదు. వాచిన పొరలంటే జబ్బుపడిన కణం. నియంత్రణ లోపించి కణం జబ్బుపడిందా, కణం జబ్బుపడి నియంత్రణ లోపించిందా అన్న ప్రశ్న అప్పుడే బల్ల మీద ఉంది.

మూగబోయిన జన్యువులే కాదు, అరిచిన జన్యువులూ ఉన్నాయి. 14 సీఓఎస్ పిల్లల కాలేయంలో విషపదార్థాలను విరిచివేసే ఎంజైమ్‌లు, ముఖ్యంగా ఎన్‌క్యూఓ1, మామూలు కంటే బాగా ఎక్కువగా కనిపించాయి. కణానికి దెబ్బ తగిలినప్పుడు లేచే గాడ్ జాతి జన్యువులు కూడా లేచి ఉన్నాయి. అధికారి పోయి పని ఆగిన ఇల్లు ఇలా ఉండదు. ఇంట్లో పొగ కమ్ముకుంటే వంట ఆగుతుంది, కానీ కిటికీలు తెరుచుకుంటాయి, బిందెలతో నీళ్లు పరుగెడతాయి. ఈ కాలేయం అచ్చంగా పొగ కమ్మిన ఇల్లు.

పొగ ఎక్కడి నుంచి వస్తోందో 1992, 1993 సంవత్సరాల్లో తేలింది. వేర్వేరు వంశాల్లో తెగిన ముక్కలు వేర్వేరు పొడవులవి, ఒకదానితో ఒకటి కొంతమేర కలుస్తాయి. ఒకే గ్రంథానికి చెద పట్టిన ప్రతులు ఐదారు ముందుంచుకుని, ఏ ప్రతిలో ఏ పద్యం పోతే కథ ఎక్కడ ఆగుతోందో పోల్చినట్టు, పుట్టగానే చనిపోయే వంశాలన్నిటిలోనూ పోయిన ఉమ్మడి భాగాన్ని చిన్నది చేసుకుంటూ వచ్చారు. ఆ భాగంలో దొరికిన జన్యువు అధికారి కాదు. ఎఫ్ఏహెచ్ అనే ఎంజైమ్ జన్యువు. పూర్తి పేరు ఫ్యూమరైల్ అసిటోఅసిటేట్ హైడ్రొలేజ్. రంగు జన్యువు నుంచి అది దాదాపు 30 లక్షల అక్షరాల దూరంలో ఉంది.

ఈ ఎంజైమ్ చేసే పని చాలా మామూలుది. తిండిలోని టైరోసిన్‌ను కాలేయం ఐదు మెట్లలో విడగొడుతుంది. మొదటి మెట్టు పైన చెప్పుకున్న టైరోసిన్ అమైనోట్రాన్స్‌ఫరేజ్‌ది. చివరి మెట్టు ఎఫ్ఏహెచ్‌ది. ఆఖరున మిగిలిన ఫ్యూమరైల్ అసిటోఅసిటేట్‌ను రెండు ముక్కలు చేసి, కణం వాడుకోగల పదార్థాలుగా మార్చడమే దాని పని. చెత్త బండి తోలే మనిషి లాంటిది. బండి రాకపోతే వీధికి ఏమవుతుందో బెంగళూరులో ఉన్నవారికి వివరించనక్కర్లేదు.

పేరుకునే ఈ పదార్థం ఊరకే పడి ఉండే చెత్త కాదు. ఎదురుపడిన ప్రోటీన్లకు అతుక్కునే స్వభావం దానిది. కణం తన రక్షణ కోసం నిల్వ ఉంచుకునే గ్లూటాథయోన్‌ను ఖర్చు చేసేస్తుంది, ప్రోటీన్లను పాడుచేస్తుంది, డీఎన్ఏకు కూడా హాని చేస్తుంది. పొరలు వాచడానికి, విషాన్ని విరిచే ఎంజైమ్‌లు ఎగబాకడానికి, గాడ్ జన్యువులు లేవడానికి ఇది చాలు. ఆ గాడ్ జన్యువుల్లో ఒకటి చాప్ అనే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది. చాప్ వెళ్లి సీ/ఈబీపీ జాతి ప్రోటీన్లతో జతకట్టి వాటిని పనిచేయనివ్వదని 1992లో తేలింది. సీ/ఈబీపీ ఆల్ఫా జన్యువును మాత్రమే తీసేసిన చిట్టెలుక పిల్లలు పుట్టిన కొన్ని గంటల్లో చక్కెర పడిపోయి చనిపోతాయని 1995లో మరో బృందం చూపింది. ముక్క తెగిన పిల్లల చావు కూడా అచ్చం అలాంటిదే. ఈ రెండూ పక్కపక్కన పెడితే, అంత దూరంలో ఉన్న జన్యువులు ఎలా మూగబోయాయో కళ్లకు కడుతుంది. దెబ్బతిన్న కణం ముందు తన ప్రాణం కాపాడుకునే పనుల మీద పడుతుంది. ఒళ్లంతటికీ చక్కెర అందించే పని పక్కన పెట్టేస్తుంది.

ఈ నిర్ణయానికి రుజువు రెండు వైపుల నుంచి వచ్చింది, రెండూ 1993లోనే. జర్మనీలో గుంథర్ షూట్జ్ బృందం, కెనడా సహచరులతో కలిసి, ముక్క తెగిన చిట్టెలుకలకు ఒక్క ఎఫ్ఏహెచ్ జన్యువును మాత్రం తిరిగి ఇచ్చింది. ముక్కలోని మిగతా జన్యువులేవీ ఇవ్వలేదు. పిల్లలు బతికి పెద్దవయ్యాయి, వాటి కాలేయ జన్యువులు మళ్లీ పలికాయి. అమెరికాలో మార్కస్ గ్రోంపే బృందం తలకిందులుగా చేసింది. క్రోమోజోమ్ మొత్తం బాగున్న చిట్టెలుకలో ఎఫ్ఏహెచ్‌ను మాత్రమే చెడగొట్టింది. పుట్టిన పిల్లలు ముక్క తెగిన పిల్లల్లాగే చనిపోయాయి, అవే జన్యువులు మూగబోయాయి. షూట్జ్ పేరు ఇక్కడ గౌరవంగా చెప్పుకోవాలి. ‘ఏఎల్ఎఫ్’ అనే అధికారి కోసం ఏళ్లపాటు వెతికినవారిలో ఆయన బృందం ముందువరసలో ఉంది. ఆ అధికారి లేడని తేల్చినదీ ఆ బృందమే.

ఒక్క సందేహం మిగిలింది. విషమే కారణమైతే, ఎఫ్ఏహెచ్ లేకపోయినా విషం తయారుకాకుండా ఆపితే చాలు, పిల్ల బతకాలి. దీనికి జవాబు ఒక కలుపు మందు నుంచి వచ్చింది. బెంగళూరు పార్కుల్లో, వీధుల్లో సీసాలు కడిగే బ్రష్షు ఆకారంలో ఎర్రని పూలు వేలాడే బాటిల్ బ్రష్ చెట్లు చాలామందికి తెలుసు. ఆస్ట్రేలియా జాతి చెట్టు అది. దాని కింద కలుపు అంతగా పెరగదని 1970ల చివర్లో కాలిఫోర్నియాలో ఒక రసాయన సంస్థ శాస్త్రవేత్తలు గమనించారు. అందులోని పదార్థాన్ని పట్టుకుని, దాని పోలికతో కొత్త కలుపు మందులు తయారుచేశారు. అవి తగిలిన మొక్కల ఆకులు పచ్చదనం పోయి పాలిపోతాయి. అవి మొక్కలో ఆపే ఎంజైమ్, మన కాలేయంలో టైరోసిన్ దారి రెండో మెట్టు దగ్గరున్న ఎంజైమ్ ఒకటే. ఆ మందుల్లో ఒకటి నిటిసినోన్. స్వీడన్ వైద్యులు 1992లో ఎఫ్ఏహెచ్ లోపం ఉన్న పిల్లలకు దాన్ని ఇచ్చిన ఫలితాలు ప్రకటించారు. 1995లో గ్రోంపే బృందం ఎఫ్ఏహెచ్ లేని చిట్టెలుకలకు ఇచ్చింది. రెండో మెట్టు మూసేస్తే ఐదో మెట్టు దగ్గర పేరుకునేది ఏమీ ఉండదు. చిట్టెలుకలు బతికాయి, కాలేయ జన్యువులు దారికి వచ్చాయి.

జన్యువును తిరిగి ఇవ్వలేదు. నియంత్రకం దేన్నీ ముట్టుకోలేదు. పొగ ఆగింది, అంతే. రెండు దశాబ్దాల పాటు అందరూ నియంత్రణ లోపం అని పిలిచినది మందుతో పోయింది.

అంతమాత్రాన ఆ ముక్కలో నిజమైన నియంత్రకాలేవీ లేవనుకోకూడదు. రంగు జన్యువుకు అవతలి వైపు ఉన్న భాగం కూడా పోయిన వంశాల్లో పిండాలు పుట్టుక దాకా రావు. పొరలు పొరలుగా ఏర్పడే దశలోనే ఎదుగుదల ఆగిపోతుంది. టెరీ మాగ్నసన్ బృందం 1996లో అక్కడ ఈఈడీ అనే జన్యువును గుర్తించింది. ఏ కణంలో ఏ జన్యువులు మౌనంగా ఉండాలో ఆ మౌనాన్ని కణం నుంచి కణానికి కాపాడే ప్రోటీన్ గుంపులో అది ఒక భాగం. అంటే కాలేయంలో వెతికిన అధికారి కొద్ది దూరంలో నిజంగానే ఉన్నాడు, కాని అతని కచేరీ వేరు. కాలేయానికి పొగ పెట్టినది మాత్రం చెత్త బండి రాకపోవడమే.

ఈ చిట్టెలుకల కథ మనుషుల విషయంలో ఎక్కడ కలుస్తుంది, ఎక్కడ కలవదు అన్నది తెలుగు కుటుంబాలకు ముఖ్యం. చిట్టెలుకలో రంగు జన్యువూ ఎఫ్ఏహెచ్ జన్యువూ ఒకే క్రోమోజోమ్ మీద పొరుగిళ్లు. మనిషిలో ఎఫ్ఏహెచ్ పదిహేనో క్రోమోజోమ్ మీద, టైరోసినేజ్ పదకొండో దాని మీద ఉన్నాయి. కాబట్టి పుట్టుకతో చర్మం, జుట్టు తెల్లగా ఉన్న పిల్లలకు ఈ కాలేయ జబ్బు వస్తుందన్న భయానికి ఎలాంటి ఆధారమూ లేదు. మరో తేడా ఏమిటంటే, ఎఫ్ఏహెచ్ లోపమున్న మానవ శిశువు గంటల్లో చనిపోదు. వారాలు, నెలల మీద కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. బతికి బయటపడిన పిల్లల్లో కాలేయ క్యాన్సర్ ముప్పు ఉంటుంది. ఈ జబ్బు పేరు టైరోసినీమియా ఒకటో రకం. ప్రపంచం మొత్తం మీద సుమారు లక్ష మందిలో ఒకరికి వస్తుంది. కెనడాలోని క్యూబెక్‌లో ఒక ప్రాంతంలో మాత్రం దాదాపు రెండు వేల మందిలో ఒకరికి కనిపిస్తుంది. అక్కడ కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించిన జనాభా ఉండడమే దానికి కారణం.

జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడిన ప్రతులు కలవాలి. మేనరికాలు జరిగే మన ప్రాంతాల్లో ఒకే పూర్వీకుడి నుంచి దిగివచ్చిన చెడిన ప్రతే రెండు వైపుల నుంచీ కలిసే అవకాశం కొంత పెరుగుతుంది. 1980లలో కర్ణాటకలో లక్షకు పైగా నవజాత శిశువుల రక్తాన్ని అమైనో ఆమ్ల లోపాల కోసం పరీక్షించిన అధ్యయనం ఒకటి జరిగింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ జీవరసాయన శాస్త్రవేత్తలు అందులో పాలుపంచుకున్నారు. నవజాత శిశువుల పరీక్ష అన్న మాటే దేశంలో చాలామంది వినని రోజులవి. అదే కాలంలో రాష్ట్రంలో జరిగిన లెక్కల్లో దాదాపు మూడింట ఒక వంతు పెళ్లిళ్లు దగ్గరి రక్తసంబంధంలోనివని తేలింది. దీన్ని నేరారోపణగా చదవడం అన్యాయం. మేనరికంలో పుట్టిన పిల్లల్లో అత్యధికులు ఆరోగ్యవంతులే. పరీక్ష ఎవరికి ముందుగా అందాలో ఈ లెక్క చెబుతుంది, అంతవరకే దాని పని.

పరీక్ష చేసే తీరు సులువే. శిశువు మడమ మీద సన్నని సూదితో పొడిచి, గుండ్రటి గీతలు గీసిన మందపాటి కాగితం మీద రక్తపు చుక్కలు అద్దుతారు. ఆ కాగితం నీడలో ఆరి, గోధుమ రంగు మచ్చలతో ప్రయోగశాలకు వెళ్తుంది. అక్కడ ఏమి కొలుస్తున్నారన్నది మాత్రం అడిగి తెలుసుకోవాలి. టైరోసిన్‌ను ఒక్కదాన్నే కొలిస్తే చాలదు. నెలలు నిండకుండా పుట్టిన ఆరోగ్యవంతులైన పిల్లల్లో కూడా అది కొన్నాళ్లు పెరిగి తగ్గుతుంది. ఎఫ్ఏహెచ్ లోపమున్న శిశువులో మొదటి రోజుల్లో దాదాపు మామూలుగానే ఉండవచ్చు. నమ్మదగిన గుర్తు సక్సినైల్ అసిటోన్. ఐదో మెట్టు దగ్గర పేరుకున్న పదార్థం పక్కదారి పట్టి తయారయ్యేది అది. పొగ కమ్మిన ఇంటి నుంచి బయటికి వచ్చే వాసన అనుకోవచ్చు. అది దొరికితే నిటిసినోన్ మొదలుపెడతారు. రెండో మెట్టు మూసేయడంతో టైరోసిన్ రక్తంలో పెరుగుతుంది కాబట్టి, టైరోసిన్, ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లాలు తక్కువుండే ఆహారం కూడా జీవితాంతం పాటించాలి. పప్పు, పాలు, మాంసం, గుడ్లు కొలత ప్రకారమే. ఇది ఏ తల్లికీ సులువైన వంట కాదు.

భారతీయ విజ్ఞాన సంస్థలోనో, హెబ్బాళ అవతల జీకేవీకే ఆవరణలోని జాతీయ జీవశాస్త్ర కేంద్రంలోనో చదువుకునే తెలుగు విద్యార్థులకు ఈ కథలో ఇంకో సంగతి ఉంది. ఈనాడు ఒక జన్యువును తీసేసి, కణంలోని ఆర్‌ఎన్ఏ మొత్తాన్ని ఒకేసారి చదివేయవచ్చు. తగ్గిన జన్యువులు, పెరిగిన జన్యువులు వందల సంఖ్యలో పట్టికగా వస్తాయి. తీసేసిన జన్యువు వాటన్నిటినీ నియంత్రిస్తోందని రాయడానికి చెయ్యి ఉవ్విళ్లూరుతుంది. ఆ పట్టికలో ఎన్‌క్యూఓ1 పెరిగి ఉందా, చాప్ పెరిగి ఉందా అని ముందు చూడడం మంచిది. ఉంటే ఆ కణం ఎవరి ఆజ్ఞా అందక ఆగలేదు, ఒంట్లో బాగాలేక ఆగింది.

జబ్బు ముదిరి కాలేయ మార్పిడి చేయించుకున్న టైరోసినీమియా పిల్లల పాత కాలేయాలను 1990లలో నార్వే శాస్త్రవేత్తలు కోసి చూశారు. ఎఫ్ఏహెచ్ ప్రోటీన్ ఉన్నచోట రంగు వచ్చేలా పరీక్ష చేశారు. పుట్టుకతో ఆ ప్రోటీన్ లేని కాలేయంలో ఎక్కడా రంగు రాకూడదు. కానీ అక్కడక్కడ గుండ్రని దీవుల్లా రంగు తేలింది. ఆ చోట్ల ఎప్పుడో ఒక కణంలో చెడిన అక్షరం తనంతట తానే తిరిగి సరైపోయింది. విషం పట్టిన పొరుగు కణాలు చస్తుంటే ఆ ఒక్క కణం విభజన చెందుతూ ఒక దీవిగా పెరిగింది. విషం ఏ కణంలో పుడితే ఎక్కువగా ఆ కణాన్నే కాలుస్తుంది కాబట్టి, పక్కన అంత నాశనం జరుగుతున్నా ఆ దీవిలోని కణాలకు నిలబడి పెరిగే వీలు దొరికింది.